ఒంటెలవాడి ఊరిలో 21 రోజులు

అమెరికాలోని ఫీనిక్స్ నగరం నుండి పదో నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద పడమరగా దాదాపు 130 మైళ్ళు ప్రయాణిస్తే, కాలిఫోర్నియా సరిహద్దుకు 20 మైళ్ళ ఇవతల, బోడికొండల నడుమ విశాలమైన మైదానమొకటి ఎదురవుతుంది. గత జనవరిలో ఒక సాయంకాలం మేమక్కడికి చేరేసరికి ఆ నేలంతా ఎవరో పత్తి ఆరబోసినట్లు తెల్లగా కనిపించింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, ఆ తెల్లని చుక్కల్లో ప్రతి ఒక్కటీ ఒక కుటుంబం నివసిస్తున్న ఇల్లు అని. అన్నీ చక్రాల మీద ఉన్న ఇళ్ళే. ఆ ఊరి పేరు క్వార్ట్జ్‌సైట్.

మేమక్కడికి విహారానికి వెళ్ళలేదు. ఒక నిర్ణయం తేల్చుకోవడానికి వెళ్ళాం.

మావారికి 62 ఏళ్ళు. జూన్‌లో ఉద్యోగ విరమణ. చాండ్లర్‌లో మేముంటున్న నాలుగు పడకగదుల ఇంటికి ఇంకా 9 సంవత్సరాల అప్పు మిగిలి ఉంది. కిస్తీ, ఆస్తిపన్ను, బీమా, కాలనీ సంఘం రుసుము అన్నీ కలిపి నెలకు 2,150 డాలర్లు. పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయాక నాలుగు గదుల్లో మూడు గదుల తలుపులు మూసే ఉంటున్నాయి. "మూసిన గదులకు ఇంకా తొమ్మిదేళ్ళు అద్దె కడదామా?" అని ఆయన ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర అడిగారు. ఇల్లు అమ్మి అప్పు తీర్చి, మిగిలిన సొమ్ములో కొంతతో ఒక ట్రావెల్ ట్రైలర్ కొని, ఇక జీవితాంతం అందులోనే ఉందామని ఆయన ప్రతిపాదన.

ట్రావెల్ ట్రైలర్ అంటే తనంత తాను కదలలేని బండి ఇల్లు. దానికి ఇంజను ఉండదు. పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కుపోవాలి. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. కోరుకున్న చోట ట్రక్కు విప్పి, బండిని సమతలంగా నిలబెట్టుకుంటే అదే ఇల్లు.

ఆయనకు ఆ ఆలోచన ఎందుకు సహజంగా వచ్చిందో నాకు తెలుసు. మా మామగారు రైల్వేలో స్టేషన్ మాస్టర్. గుంతకల్లు, డోన్, నంద్యాల అంటూ పదో తరగతి పూర్తయ్యేలోగా మావారు ఆరు క్వార్టర్లు మారారు. ఇల్లంటే బదిలీ ఉత్తర్వుతో పాటు వచ్చేదనీ, సామాను కట్టడమంటే పండుగలాంటిదనీ ఆయన మనసులో నాటుకుపోయింది. నాది వేరే కథ. కడపలో మా తాత కట్టిన ఇంట్లోనే పుట్టాను, అక్కడే నిఖా జరిగింది. అబ్బాజాన్ పోయిన రెండేళ్ళకు అన్నదమ్ములు ఆ ఇల్లు అమ్ముకున్నారు. వారి ఇబ్బందులు వారివి, తప్పు పట్టను. కానీ ఆ తరువాత కడప వెళ్ళిన మొదటిసారి, స్టేషన్ బయట ఆటో ఎక్కి "ఎక్కడికమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక కూర్చున్న ఆ క్షణాన్ని ఈనాటికీ మరువలేను.

అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ నిర్ణయమూ తీసుకోకముందు 26 అడుగుల ట్రైలర్ ఒకటి అద్దెకు తీసుకుని 21 రోజులు అందులోనే గడపాలి. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోవాలి. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ నాది. తోచింది రాయాలి, ఒకరి పేజీ మీద ఒకరు వాదించకూడదు. అల్లుడు తన పికప్ ట్రక్కు ఇచ్చాడు. అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా బియ్యం, కందిపప్పు, పచ్చడి సీసాలు సర్ది పెట్టింది.

క్వార్ట్జ్‌సైట్‌లో స్థిరంగా నివసించేవారు 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 2,400 మంది. వేసవిలో అక్కడ ఎండ 43 డిగ్రీలు దాటుతుంది, వీధులు బోసిపోతాయి. చలికాలం మొదలవగానే ఉత్తరాది రాష్ట్రాల నుండి, కెనడా నుండి బండి ఇళ్ళవారు వలసపక్షుల్లా వచ్చి వాలుతారు. జనవరిలో జరిగే రంగురాళ్ళ సంతలకు, బండి ఇళ్ళ ప్రదర్శనకు లక్షలాదిగా జనం వస్తారు. చుట్టూ ఉన్న ఎడారిలో అధిక భాగం కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖది. ఆ శాఖ 1983లో దీర్ఘకాలిక బస ప్రాంతాలను ఏర్పాటు చేసింది. ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా వాటిలో ఒకటి. సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు ఏడు మాసాలు ఉండటానికి మేము వెళ్ళినప్పుడు రుసుము 180 డాలర్లు. రెండు వారాలకైతే 40 డాలర్లు. నెలకు 26 డాలర్లు కూడా పడదు. మావారి ఎడమ పేజీలో మొదటి వాక్యం ఇదే.

అయితే ఆ సొమ్ముకు దొరికేది నేల మాత్రమే. కరెంటు ఉండదు, ఇంటింటికీ కుళాయి ఉండదు. ప్రవేశద్వారం దగ్గర మంచినీళ్ళు పట్టుకునే చోటు, మురుగు ఖాళీ చేసే చోటు, చెత్త వేసే చోటు ఉంటాయి. మిగతా ఏర్పాట్లన్నీ మన బండిలోనే ఉండాలి.

బండిలో మూడు తొట్లు ఉంటాయి. మంచినీళ్ళకు ఒకటి, వంటింట్లో, స్నానాల గదిలో వాడిన నీళ్ళకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మా మంచినీళ్ళ తొట్టి 40 గ్యాలన్లది, అంటే సుమారు 150 లీటర్లు. చాండ్లర్‌లో అన్ని నీళ్ళు ఎటు పోయేవో కూడా గమనించేవాళ్ళం కాదు. ఇక్కడ మొదటిసారి మూడో రోజుకే ఖాళీ అయింది. ట్రైలర్‌ను కదిలించి, నీళ్ళు నింపి, మురుగు వదిలి, మళ్ళీ తెచ్చి సమతలంగా నిలబెట్టేసరికి పూట గడిచింది. రెండోసారి అదే తొట్టిని ఆరు రోజులు నడిపాం. వుజూకు ఒక్క లీటరు చెంబు చాలునని తెలిసింది. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదన్న బోధను చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాను. దాని బరువు చేతికి తెలిసింది మాత్రం ఆ ఎడారిలోనే.

చలి మరో పాఠం చెప్పింది. జనవరిలో పగలు వాతావరణం హాయిగా ఉన్నా, రాత్రి బాగా చల్లబడుతుంది. గ్యాస్‌తో వెలిగే హీటరు ఉంది గానీ, దాని వేడిని గదిలోకి నెట్టే ఫ్యాను బ్యాటరీతో తిరుగుతుంది. రెండో రాత్రి నాలుగు గంటలకు బ్యాటరీ అడుగంటి హీటరు ఆగిపోయింది. జనరేటరు వేద్దామంటే రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలని నియమం. దుప్పట్లు కప్పుకుని ఫజ్ర్ కోసం ఎదురుచూశాం. తెల్లవారాక చూస్తే కిటికీ అద్దాల లోపలి వైపు మా ఊపిరే నీరై కారుతోంది. రోజూ తుడవకపోతే గోడల్లో బూజు పడుతుందని పక్క బండివారు హెచ్చరించారు. ఈ బండ్లలో చాలావాటిని అప్పుడప్పుడు సెలవులకు వాడుకోవడానికే తయారు చేస్తారు. ఏడాది పొడుగునా అందులోనే నివసిస్తే పూచీ చెల్లదని చాలా కంపెనీలు వారంటీ పత్రంలోనే రాస్తాయి. బీమా కూడా పూర్తికాల నివాసానికి వేరుగా తీసుకోవాలి. కుడి పేజీలో నేను ఇవి రాశాను.

న్యాయంగా చెప్పాలంటే కుడి పేజీలో మంచి కూడా రాశాను. ఫజ్ర్ నమాజుకు బయట చాప పరిస్తే, ఈశాన్యానికి కాస్త ఉత్తరంగా ఖిబ్లా. ఎదురుగా కొండల అంచు మీద వెలుగు మెల్లగా దిగివచ్చేది. టీవీ లేదు, మూసిన గదులు లేవు. ఆ ఇరవై అడుగుల్లో ఒకరి మీద ఒకరికి కోపం వచ్చినా దాచుకోవడానికి చోటు లేదు. మూడు వారాల్లో మేము మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు మూడేళ్ళలో మాట్లాడుకోలేదు.

మా బండికి ఎడమ పక్కన కెనడా దంపతులు. వారికి స్వదేశంలో ఇల్లుంది, చలి తప్పించుకోవడానికి వస్తారు. వారికిది విశ్రాంతి. ఇంకాస్త దూరంలో, పాత వ్యానులో ఒక్కడే ఉండే పెద్దమనిషి. 2008 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగం, ఇల్లు రెండూ పోగొట్టుకున్నానని చెప్పాడు. అప్పటి నుండి చలికాలం ఇక్కడ, మిగతా కాలం ఎక్కడ పని దొరికితే అక్కడ. ఆయనలాంటి వారి గురించే జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' అనే గ్రంథం రాశారు. దాని ఆధారంగా తీసిన చిత్రానికి 2021లో ఆస్కార్ ఉత్తమ చిత్ర పురస్కారం లభించింది. ఒకే మైదానంలో, ఒకే రకం తెల్ల బండ్లలో, ఇల్లుండి వచ్చినవారు, ఇల్లు పోయి వచ్చినవారు పక్కపక్కనే ఉంటారు. దూరం నుండి చూసేవారికి తేడా తెలియదు. ఒక పూట కలిసి టీ తాగితే తెలుస్తుంది.

మా కుడి పక్కన 78 ఏళ్ళ ఒక వితంతువు, ఆమెకు తోడుగా ఒక కుక్క. పదకొండేళ్ళుగా ఆమె ఇల్లు ఆ ట్రైలరే. మేము దిగిన సాయంకాలమే వచ్చి పలకరించి, "నా వంటింటి కిటికీకి నీలిరంగు తెర ఉంది చూశారా? ఉదయం ఎనిమిదికల్లా తీస్తాను. తీయకపోతే వచ్చి తలుపు తట్టండి. తాళంచెవి ఎక్కడ ఉంటుందో చూపిస్తాను. మీ తెర సంగతి నేను చూసుకుంటాను" అంది. అంతకన్నా పరిచయ వాక్యాలు లేవు. నాకు ఆశ్చర్యం వేసింది. చాండ్లర్‌లో తొమ్మిదేళ్ళుగా గోడ పంచుకున్న పొరుగువారి పేరు నాకు సరిగా తెలియదు.

ఇక కాగితాల సంగతి. ఇది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. డ్రైవింగ్ లైసెన్సుకు, బ్యాంకు ఖాతాకు, ఓటుకు, ఆరోగ్య బీమాకు అన్నిటికీ నివాస చిరునామా కావాలి. పోస్టాఫీసు పెట్టె నంబరు సరిపోదు. అందుకే పూర్తికాలం బండిలో ఉండేవారు దక్షిణ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఉత్తరాలు అందుకునే సంస్థల ద్వారా చిరునామా తీసుకుంటారు. దక్షిణ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపి లైసెన్సు తెచ్చుకున్నవారు లా పోసాలో ఎందరో కనిపించారు. మనిషి ఒకచోట, చిరునామా వెయ్యి మైళ్ళ అవతల మరోచోట! 65 ఏళ్ళు నిండితే ప్రభుత్వ మెడికేర్ దేశమంతటా తోడ్పడుతుంది. అంతకన్నా చిన్నవారు సొంతంగా కొనుక్కునే బీమా మాత్రం సాధారణంగా ఒక రాష్ట్రంలోని వైద్యులకే పరిమితం. మావారికి ఇంకా మూడేళ్ళు, నాకు ఆరేళ్ళు ఉంది. నాకు మధుమేహం, ఆరు నెలలకొకసారి పరీక్షలు తప్పవు.

ఇంకొక నియమం మాకు విచిత్రంగా తోచింది. లా పోసా వెలుపల, రుసుము లేని ప్రభుత్వ భూముల్లో ఎవరైనా 28 రోజుల వ్యవధిలో 14 రోజులే ఉండవచ్చు. ఆ తరువాత 25 మైళ్ళ అవతలికి కదలాలి. హనఫీ ఫికహ్ ప్రకారం ప్రయాణికుడు ఒకచోట 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పిస్తే స్థానికుడవుతాడు, నమాజులు పూర్తిగా చేయాలి. మేము లా పోసాలో 21 రోజులు ఉండాలని సంకల్పించాం గనుక పూర్తిగానే చేశాం. ప్రభుత్వం 14వ రోజున లేపేస్తుంది, 15వ రోజుకు గాని మనం స్థానికులం కాము! అలా తిరుగుతూ ఉండేవారు బాటసారులా, స్థానికులా? ఎడారి గుడారాలవారి గురించి మన ఫికహ్ గ్రంథాల్లో ప్రత్యేక చర్చ ఉంది. తీర్పు చెప్పడం ఉలమాల పని. నన్ను కలవరపెట్టింది ధర్మసూక్ష్మం కాదు, ప్రశ్నే. నేను ఏ ఊరిదాన్ని అని దేవుని ముందు నిలబడేటప్పుడు కూడా లెక్క చూసుకోవలసి రావడం!

రెండో వారంలో ఒకనాడు ఊరి శ్మశానానికి వెళ్ళాం. అక్కడొక వింత సమాధి ఉంది. స్థానిక రాళ్ళతో పేర్చిన చిన్న పిరమిడ్, దాని శిఖరాన రాగి ఒంటె. దాని కింద ఉన్నది హాజీ అలీ. 1855లో అమెరికా చట్టసభ ఎడారి దారుల్లో సైన్యపు సరుకులు మోయడానికి ఒంటెలను తెప్పించాలని 30,000 డాలర్లు మంజూరు చేసింది. అప్పటి యుద్ధశాఖ కార్యదర్శి జెఫర్సన్ డేవిస్ ఈ ప్రయోగానికి అండగా నిలిచాడు. 1856లో మొదటి విడత ఒంటెలు ఓడలో టెక్సాస్ తీరం చేరాయి. వాటితో పాటు వచ్చిన ఒంటెల కాపర్లలో హాజీ అలీ ఒకడు. ఆయన సిరియా ప్రాంతంలో జన్మించాడనీ, హజ్ చేసినవాడనీ చెబుతారు. సైనికుల నోట ఆ పేరు పలకలేక 'హై జాలీ' అయింది. 1857లో ఎడ్వర్డ్ బీల్ నాయకత్వంలో కొలరాడో నది దాకా బండ్ల దారి వేయడానికి సాగిన యాత్రలో ఈ ఒంటెలు నడిచాయి. అంతర్యుద్ధం వచ్చాక ప్రయోగం మూలపడింది, ఒంటెలను అమ్మేశారు. హాజీ అలీ కొన్నింటిని ఉంచుకుని గనుల ఊళ్ళకు సరుకులు మోశాడు. అదీ సాగక వాటిని ఎడారిలోకి వదిలేశాడు. సైన్యంలో దారి చూపేవాడిగా పనిచేశాడు. 1880లో ఫిలిప్ టెడ్రో అనే పేరుతో పౌరసత్వం పొంది, టక్సన్‌లో ఒక మెక్సికన్ యువతిని పెళ్ళాడాడు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. కొంతకాలానికి బంగారం, వెండి గనులు వెతుక్కుంటూ వారిని విడిచి మళ్ళీ ఎడారి బాట పట్టాడు. 1902 డిసెంబరు 16న ఈ ఊరిలోనే కన్నుమూశాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖ ఈ కట్టడం కట్టించి, ఇది ఆయన చివరి మజిలీ అని ఫలకం మీద చెక్కించింది.

మేమిద్దరం చేతులెత్తి ఆయన కోసం దుఆ చేశాం. మావారి కళ్ళు చెమర్చాయి. "ఎంత స్వేచ్ఛగా బతికాడు! లోకంలో బాటసారిలా మెలగమన్న ప్రవక్త (స) బోధను అక్షరాలా ఆచరించినవాడిలా ఉన్నాడు" అన్నారు.

నేను కొంచెం సేపు ఊరుకుని, "ఏమండీ, ఆయన భార్య సమాధి ఎక్కడుంది?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పలేదు. ఫలకం మీద ఒంటెలు ఉన్నాయి, ప్రభుత్వానికి చేసిన సేవ ఉంది, ఆమె ఊసు లేదు. బాటసారిలా మెలగడమంటే లోకం మీద మమకారం పెంచుకోవద్దని నేను నేర్చుకున్న అర్థం. మన మీద హక్కు ఉన్నవారిని విడిచి వెళ్ళమని కాదు. ఆ రాత్రి నోటుపుస్తకంలో ఇద్దరి పేజీలూ ఖాళీగా ఉన్నాయి.

పదహారో రోజు ఉదయం 8 దాటినా పక్క బండి నీలి తెర తీయలేదు.

పది నిమిషాలు చూసి వెళ్ళి తలుపు తట్టాను. లోపల కుక్క అరుస్తోంది, మనిషి గొంతు లేదు. ఆమె చూపించిన చోట తాళంచెవి తీసి తెరిచాం. స్నానాల గది గుమ్మంలో ఆమె పడి ఉంది. తుంటి విరిగింది. స్పృహ ఉంది గానీ రాత్రంతా చలిలో పడి ఉండటం వల్ల మాట తడబడుతోంది. అత్యవసర సేవకు ఫోన్ చేశాను. "ఎక్కడున్నారు?" అని అడిగారు. "లా పోసా" అన్నాను. "లా పోసాలో ఎక్కడ?" ఏమని చెప్పాలి? వీధి పేరు లేదు, ఇంటి నంబరు లేదు. వేల ఎకరాల ఎడారిలో తెల్లని బండ్ల నడుమ ఒక తెల్లని బండి. కడప స్టేషన్ బయట ఆటోలో కూర్చున్న క్షణం గుర్తుకొచ్చింది. మావారు ట్రక్కు తీసుకుని 95వ నంబరు రహదారి దగ్గరి ప్రవేశద్వారం వద్దకు పరుగెత్తి, అంబులెన్సు వెంటబెట్టుకుని వచ్చారు. ఊరిలో ఆసుపత్రి లేదు, బయటి ఊరికి తీసుకువెళ్ళారు. దైవం దయవల్ల ప్రాణం నిలిచింది.

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో ఆమె కుమార్తె నంబరు దొరికింది. ఆ అమ్మాయి విమానం ఎక్కి మరునాటి సాయంకాలానికి వచ్చింది. తల్లి బట్టలు సర్దుతూ మంచం అంచున కూర్చుని, "పదకొండేళ్ళుగా మా అమ్మ ఎక్కడుందో నాకు రాష్ట్రం పేరు మాత్రమే తెలిసేది. ఇదే మొదటిసారి ఈ ఇల్లు చూడటం" అంది. నిందించే గొంతుతో కాదు. తనను తానే అడుగుతున్నట్లు అంది. నేను ఆమెకు అన్నం, పప్పు పెట్టాను. తింటూ ఏడ్చింది.

ఆ రాత్రి మావారు మొదటిసారి నా పేజీ వైపు నోటుపుస్తకం తిప్పి, తన కలంతో రాశారు: 'అమ్మాయికి మనం ఎక్కడున్నామో తెలియాలి.'

కుడి పేజీ గెలిచిందని నేను సంతోషించి ఉండవచ్చు. కానీ నా మనసులో మరో ప్రశ్న మెదిలింది. ఆమె ఇదే ప్రమాదానికి చాండ్లర్‌లో మా వీధిలో గురై ఉంటే? అంబులెన్సుకు చిరునామా క్షణంలో దొరికేది, నిజమే. ఫోన్ చేసేవారెవరు? మా వీధిలో కిటికీ తెరలు ఎప్పుడూ మూసే ఉంటాయి, ఎవరూ ఎవరివీ లెక్కపెట్టరు. ఎడారిలో చిరునామా లేదు గానీ పొరుగు ఉంది. మా కాలనీలో చిరునామా ఉంది, పొరుగు లేదు. ఇల్లు అనిపించుకోవడానికి రెండూ కావాలి. మనల్ని వెతుక్కుంటూ వచ్చేవారికి తెలిసిన చోటు కావాలి, మనం కనిపించకపోతే గమనించే కన్ను కావాలి. ఈ రెండూ ఉన్నచోట 26 అడుగులు చాలు. లేనిచోట నాలుగు పడకగదులూ ఖాళీయే.

మిగిలిన రోజుల్లో ఇద్దరం కలిసి ఒకే పేజీలో లెక్కలు వేశాం. ట్రైలర్ వాహనం లాంటిది, కొన్న నాటి నుండి విలువ తగ్గుతూ ఉంటుంది. ఇల్లు అమ్మి దాన్నే నమ్ముకుంటే, కొన్నేళ్ళకు మోకాళ్ళు మొరాయించినప్పుడు తిరిగి ఇల్లు కొనే శక్తి ఉండదు. మండు వేసవిలో ఈ ఎడారిలో ఉండలేము, 7,000 అడుగుల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ వంటి చోట్లకు పోవాలి. అక్కడి అడవుల్లోనూ ఒకేచోట ఉండే రోజులకు పరిమితి ఉంది. శుక్రవారం జుమాకు వెళ్ళాలంటే క్వార్ట్జ్‌సైట్ నుండి ఫీనిక్స్‌కు రెండు గంటల దారి. మరో విషయం ఇద్దరికీ తెలుసు గాని నోటితో అనడానికి రెండు రోజులు పట్టింది. మనలో ఒకరు పోతే గుస్ల్ ఇవ్వడానికి, జనాజా మోయడానికి నలుగురు రావాలి. ఆ నలుగురు సంపాదించుకోవలసింది బతికున్నప్పుడే, ఒకచోట ఉండే.

ఇటువంటి నిర్ణయం ముందున్న పాఠక సోదర సోదరీమణులకు నా అనుభవం మేరకు కొన్ని మాటలు చెబుతాను. బండి కొనకముందు అద్దెకు తీసుకుని చలిలో ఒక నెల, ఎండలో ఒక నెల ఉండి చూడండి. బండి బరువు, లాగే ట్రక్కు శక్తి సరిపోతాయో లేదో అమ్మేవాడి మాట మీద కాక కాగితం మీద చూసుకోండి. వైద్యం ఎక్కడ, బీమా ఎక్కడ, ఉత్తరాలు ఎక్కడ అని ముందే రాసుకోండి. తిరిగి గోడల మధ్యకు రావలసి వస్తే ఆ దారిఖర్చు పక్కన పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, భార్యాభర్తల్లో ఒకరు కల కంటూ మరొకరు కేవలం సర్దుకుపోతున్నారేమో చూసుకోండి. అంత ఇరుకు చోట మౌనంగా సర్దుకుపోయినది ఎంతోకాలం దాగదు.

ఇరవై ఒకటో రోజు తొట్లు ఖాళీ చేసి, ట్రక్కు తగిలించి బయలుదేరాం. దారిలో ఆసుపత్రికి వెళ్ళి ఆమెను చూశాం. కుమార్తె ఇంటికి వెళుతున్నావా అని అడిగితే, "కాలు నిలబడే దాకా వెళతాను. ఆ తరువాత మళ్ళీ లా పోసాకే. కాకపోతే ఈసారి మా అమ్మాయికి బాట గీసి ఇస్తాను" అని నవ్వింది. ఆమె నిర్ణయం ఆమెది. మా నిర్ణయం మాది.

మేము నాలుగు గదుల ఇల్లు అమ్మేశాం. అప్పు తీరింది. అమ్మాయి ఇంటికీ మస్జిద్‌కూ నడిచి వెళ్ళగలిగినంత దూరంలో రెండు గదుల అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్నాం. మావారి మాట పూర్తిగా తీసివేయలేదు, పాత ట్రైలర్ ఒకటి కొన్నాం. ఫీనిక్స్ మండిపోయే వేసవి మూడు మాసాలు దాన్ని ఎత్తైన అడవుల్లోకి లాక్కుపోతాం. ఎక్కడ ఆగినా ఆ చోటి గుర్తులు అమ్మాయికి ఫోన్‌లో పంపుతాం. ఆయన దాన్ని బదిలీ అంటారు, నేను సెలవులంటాను. నోటుపుస్తకం ఇంకా సాగుతోంది.

అపార్ట్‌మెంటులో దిగిన మొదటి వారం, మా ఎదుటి తలుపువారి దగ్గరికి ఒక గిన్నెలో సేమ్యా పాయసం తీసుకుని వెళ్ళాను. మాకన్నా పెద్దవారు, ఇద్దరే ఉంటారు. పేర్లు చెప్పుకున్నాక, కొంచెం మొహమాటంగానే అడిగాను: "మా వంటింటి కిటికీకి ఆకుపచ్చ తెర ఉంది. ఉదయం ఎనిమిదికల్లా తీస్తాను. తీయకపోతే ఒక్కసారి తలుపు తడతారా?"

ఆ పెద్దాయన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, తమ కిటికీ తెర ఏదో చూపించడానికి నన్ను పిలిచాడు.